వేరే కప్పు కింద పదకొండు రోజులు

మొన్న మంగళవారం పొద్దున నేను వాకిట్లో కూర్చుని కరివేపాకు దూసుకుంటూ ఉంటే, మా పై అంతస్తులో అద్దెకుంటున్న అమ్మాయి మెట్లు దిగి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, కొంగు వేలికి చుట్టుకుంటూ, ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పింది. ఏడేళ్లుగా ఉంటున్న కుటుంబం. భర్త గ్రానైటు క్వారీ ఆఫీసులో పని చేస్తాడు, ఈ అమ్మాయి ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, పిల్లలిద్దరూ మా ఇంట్లో అన్నం తిన్న రోజులు వాళ్లింట్లో తిన్న రోజులకు తక్కువేమీ కావు. నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి దాని వెనక నింపాదిగా నడిచి వస్తుంది. ముప్పై ఆరేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసినా కుదరని రోగం అదొక్కటే. నెలాఖరుకు పట్టుమని పది రోజులు లేవు, రెండు నెలల ముందు చెప్పాలని బాండు పేపరు మీద ఇద్దరం సంతకాలు చేసుకున్నాం, ఇల్లంటే సత్రం అనుకున్నారా అని, ఇంకా ఏమేమో అన్నాను.

ఆ అమ్మాయి అన్నీ విన్నది. విని, తల ఎత్తకుండానే అసలు సంగతి చెప్పింది. ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి రెండు నెలల కింద వాళ్ల అత్తను వైద్యానికి తీసుకొచ్చారట, హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసి ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారట. సొంతూళ్లో ఇల్లు కూలిపోయి నాలుగేళ్లయింది. అందుకని బైపాసు అవతల క్వారీ వాళ్ల రేకుల షెడ్డు ఒకటి అడిగి పెట్టుకున్నారట.

"మీరు పొమ్మనకముందే మేమే పోతే మర్యాదగుంటదనుకున్నం, అమ్మా," అన్నది.

షెడ్డు అన్న మాట విన్నాక సాయంత్రం మాట్లాడతానని చెప్పి లోపలికి వచ్చి, మా ఆయన టీవీ చూస్తున్న గదిలోకి కూడా పోకుండా, వంటింట్లో స్టూలు మీద కూర్చుండిపోయాను.

మన కరీంనగరు, ఆదిలాబాదు వైపు వాళ్లకు, అందులోనూ మన తరం వాళ్లకు, ఆ అమ్మాయి ఎందుకు భయపడిందో విడమరిచి చెప్పక్కర్లేదు. తిథీ నక్షత్రం బాగా లేని వేళలో ఇంట్లో ఎవరైనా కన్ను మూస్తే ఆ ఇంటిని మూడు నెలలో ఆరు నెలలో పాడుబెట్టాలని, అంటే తాళం వేసి అందరూ బయటకు పోవాలని పెద్దలు పెట్టిన నియమం. సొంత ఇంటి వాళ్లు దాన్ని ఎట్లాగో భరిస్తారు. అద్దెకున్న వాళ్ల మూలంగా తమ ఇల్లు పాడుబెట్టుకోవడానికి మాత్రం ఏ ఇంటి యజమానికీ మనసొప్పదు. అందుకే మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటికి "జర వేరే తాన చూస్కోండ్రి" అన్న కబురు మెత్తగా వస్తుంది. ఆ కబురు మా ఇంటికీ ఒకప్పుడు వచ్చింది. వచ్చిన దారి ఏమిటో ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను.

అప్పటికి మేము సుల్తానాబాదులో ఉండేవాళ్లం. మేమంటే బాపు, అవ్వ, నేను. మా వైపు తండ్రిని బాపు అనీ, కన్నతల్లిని అవ్వ అనీ పిలుస్తారు. మా తాత కాలంలోనే మేము మిషను సంఘంలో చేరిన వాళ్లం. బాపు మిషను బడిలో చదువుకుని, పెద్దపల్లి కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా కుదిరి, రోజూ పొద్దున బస్సుకు తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, చంకలో కాగితాల సంచితో బయల్దేరేవాడు. మాట్లాడితే దావా రాసినట్టుండేది. పొద్దున చాయలో చక్కెర తక్కువైతే "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టేవాడు, అవ్వ నవ్వి మరో చెంచా వేసేది.

మాలాంటి వాళ్లకు ఊరి మధ్యలో అద్దెకు ఇల్లు దొరకడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఒక పటేలుకు భూమి తగాదాలో బాపు రాత్రింబవళ్లు కూర్చుని కాగితాలు రాసి పెట్టాడు, ఆ తగాదా గెలిచిన సంతోషంలో ఆయన తన ఇంటి వెనక భాగం రెండు గదులు మాకు ఇచ్చాడు. పెంకుటిల్లు. ముందు నుంచి వెనకదాకా ఒకటే పొడుగాటి టేకు దూలం, దాని కింద ముందు భాగంలో పటేలు కుటుంబం, వెనక మేము. పెరట్లో బావి, జామచెట్టు, ఆ చివర ఎడ్ల కొట్టం. మా వంటింటి గడప నుంచి కొట్టం దాకా సరిగ్గా పది బారల దూరం. ఎందుకు అంత సరిగ్గా చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొదటి ఏడాది పటేలమ్మ మమ్మల్ని బావి చేద ముట్టనివ్వలేదు. తానే చేది, ఎత్తు నుంచి మా బిందెలో పోసేది. రెండో ఏడు అవ్వనే చేదుకోమన్నది. మూడో ఏడు వచ్చేసరికి మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక మా అరుగు మీదికి వచ్చి, అవ్వ బీడీలు చుడుతూ ఉంటే వెనక కూర్చుని, అవ్వ జడ విప్పి నూనె పెట్టి దువ్వడం మొదలుపెట్టింది. అవ్వకు మోకాళ్ల దాకా జుట్టు. పటేలమ్మకు కొడుకులే గానీ కూతుళ్లు లేరు, ఆ దువ్వెనకు పని లేక తుప్పు పడుతున్నదని అవ్వ ఆమెను ఏడిపించేది. పదకొండేళ్లు అట్లా గడిచాయి. ఏ మధ్యాహ్నమైనా నేను బడి నుంచి వస్తే ముందు చూసేది ఆ ఇద్దరినే.

నేను నర్సు చదువు ముగించి ఊళ్లో సర్కారు దవాఖానలో చేరిన ఆరో నెలలో అవ్వకు గర్భసంచిలో పుండు అని తెలిసింది. కరీంనగరులో పెద్ద డాక్టరమ్మ అవ్వను బయట కూర్చోబెట్టి, నన్నూ బాపునూ లోపలికి పిలిచి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి వండి పెట్టండి అన్నది. తిరుగు బస్సులో బాపు కిటికీ వైపు చూస్తూ ఒకే మాట అన్నాడు, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలని. ఎందుకో నేను అడగలేదు. నాకు ఇరవై రెండేళ్లు, తెల్ల బట్టలు కొత్త, లోకంలో తెలియనిది లేదనుకునే వయసు.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం నేను బావి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంటే పటేలమ్మ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

"బిడ్డా, మీ అవ్వ సంగతి నిజం చెప్పు. నువ్వు సిస్టరువు, నీకు ఎరుకుంటది."

ఆమె నన్ను సిస్టరువు అన్నది. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ నన్ను అట్లా అనలేదు, గుమాస్తా బిడ్డ అనేవాళ్లు. ఆ పిలుపుకు నేను పొంగిపోయాను. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మిగిలే నిజం అదే. ఆమె మీద ప్రేమతో చెప్పానని, ఆమె మాకు సొంత మనిషి కదా అని చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను గానీ, ముందు వచ్చింది మాత్రం ఆ పొంగే.

"మహా అంటే నెల, పెద్దమ్మా," అన్నాను.

పటేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే బావి గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆమె కపటం ఎరగని మనిషి. ఆ ఏడుపు మొహంతోనే ఇంట్లోకి పోయింది, పటేలు ఏమైందని అడిగాడు, ఆమె చెప్పింది. అప్పటికి వాళ్ల చిన్న కొడుకు పెళ్లి నలభై రోజుల్లో ఉంది. పందిరి ఆ ఇంటి ముందే వేయాలి, కొత్త కోడలు ఆ ఇంటి గడపే దాటాలి.

మర్నాడు ఆదివారం, మేము చర్చి నుంచి రాగానే పటేలు మా గడప బయట నిలబడి బాపును పిలిచాడు. చెడ్డగా ఒక్క మాట అనలేదు, అది ముందే చెప్పాలి. ఒక రెండు నెలలు వేరే చోట ఉండి రమ్మని, పెళ్లి అయ్యాక మళ్లీ ఆ గదులు మావేనని, బండి కూడా తానే కట్టిస్తానని, కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నేల చూస్తూ చెప్పాడు. అవ్వ సంగతి ఆయనకు ఎవరు చెప్పారని బాపు అడిగాడు. పటేలు మళ్లీ బండి మాటే ఎత్తాడు. మా దవాఖాన కాంపౌండరుకు నోరు ఆగదని ఊళ్లో పేరు, బాపు ఆ క్షణాన ఆయన పేరే అనుకున్నాడు. నేను లోపల అవ్వ కాళ్లు పడుతూ అంతా విన్నాను. విని ఊరుకున్నాను.

బాపుకు చట్టం మా ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకోదగ్గ పుస్తకం. నెల నెలా అద్దె కడుతున్న మనిషిని ఊరికే లేపడానికి వీల్లేదని, పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని, ఇచ్చినా అద్దెదారు పోనంటే కోర్టుకు పోవాలే గానీ సామాను ముట్టరాదని, రోగం వచ్చిందనో చావు వస్తుందనో ఖాళీ చేయమనే హక్కు ఏ చట్టంలోనూ రాసి లేదని, ఆ గడప మీదే నిలబడి చెప్పాడు. చెప్పి ఊరుకోక, మర్నాడు పెద్దపల్లి పోయి వకీలు చేత నోటీసు రాయించి రిజిస్టరు పోస్టులో పంపాడు. ఒకే దూలం కింద ఉన్న రెండు కుటుంబాల మధ్య, గోడకు ఇవతలి నుంచి అవతలికి పోవలసిన మాట, పెద్దపల్లి పోయి ముద్ర వేయించుకుని పోస్టుమాను సంచిలో తిరిగి వచ్చింది. పటేలు దాన్ని అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ తర్వాత మా గడప వైపు రాలేదు.

బాపు గెలిచాడు. ఎవరూ మమ్మల్ని పొమ్మనలేదు, నీళ్లు ఆపలేదు, తలుపు కొట్టలేదు. కానీ పటేలమ్మ రావడం మానేసింది. భర్త వద్దన్నాడో, తన నోటి నుంచే ఇదంతా వచ్చిందని సిగ్గుపడ్డదో నాకు తెలియదు. మధ్యాహ్నం అయ్యేసరికి అవ్వ మంచం మీద గోడ వైపు నుంచి తలుపు వైపు తిరిగి పడుకునేది. ఎవరూ రారు. మళ్లీ గోడ వైపు తిరిగేది. జుట్టు జడలు కట్టింది. నేను దువ్వబోతే, "నీది సూది చెయ్యి బిడ్డా, ఊకో" అని నవ్వబోయి నవ్వలేకపోయింది. గోడ అవతల పెళ్లికి పసుపు దంచే పాటలు వినబడేవి. అవ్వ ఆ పాటలకు పెదవులు కదిపేది.

అట్లా రెండు వారాలకు పైన గడిచాక, ఒక సాయంత్రం బాపు చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ ఉంటే, అవ్వ తనను ఎడ్ల కొట్టంలోకి మార్చమని అడిగింది. అది వేరే కప్పు, దానికీ ఇంటికీ దూలం కలవదు, అక్కడ ఏమైనా ఇంటికి ఏమీ కాదు, పటేలమ్మ రావడానికి అడ్డం ఉండదు అని, ఎన్నాళ్ల నుంచో లోపల కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారే చెప్పింది.

బాపు గొంతు అంత ఎత్తున నేను ఎప్పుడూ వినలేదు, తర్వాత కూడా వినలేదు.

"మా తాత పటేండ్ల కొట్టంల జీతమున్నడు. మా నాయిన గా కొట్టంలనే పుట్టిండు. నేను సదువుకున్నది గది దాటెటందుకే. ఇప్పుడు నా చేతుల్తోని నిన్ను తీస్కపోయి గండ్లనే పండవెట్టాల్నా?"

అవ్వ మంచం పట్టె పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"యేసయ్య పుట్టిందే కొట్టంల. నేను పోతే ఏమైతది? నీ హక్కు నీ కాడ ఉండనీ. నాకు మనిషి గావాలె," అన్నది.

అక్కడితో మా ఇంట్లో దావా ముగిసింది. బాపు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఆయన మీద ఎంత జాలి కలిగిందో చెప్పలేను. ఆయన అన్న దాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు, ఈ రోజుకీ ఆయనదే న్యాయం అంటాను. అవ్వ అడిగినదీ న్యాయమే.

ఆ సంగతి నేనే పోయి పటేలుకు చెప్పాను. ఆయన లేచి, ఎడ్లను విప్పి జామచెట్టు కింద కట్టేసి, కొట్టం తానే ఊడ్చాడు. పాలేర్లు ఇద్దరుండగా ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. కొత్త మొరం పోసి తొక్కి, గోడలకు సున్నం కొట్టి, ఎండ పడకుండా తడక కట్టి దాని మీద రోజూ రెండు పూటలా నీళ్లు చల్లాడు. పటేలమ్మ తన నవారు మంచం ఇచ్చింది. నలుగురం మంచంతో సహా అవ్వను ఎత్తి, ఆ పది బారల దూరం మోసుకుపోయాము. బాపు ఆ నలుగురిలో లేడు.

పదకొండు రోజులు అవ్వ అక్కడ ఉంది. మొదటి మధ్యాహ్నమే పటేలమ్మ దువ్వెనా నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. చిక్కులు తీయడానికే రెండు రోజులు పట్టింది. అవ్వ మొహంలో కళ వచ్చింది. నేను నర్సును గనక ఆ కళ నిలిచేది కాదని తెలుసు, అయినా సంతోషించాను. ఒక్క విషయం మాత్రం నేను సరిగ్గా చూసుకోలేకపోయాను. మంచం వేసిన తీరులో అవ్వ తల ఎటు తిప్పినా ఎదురుగా మా వంటింటి తలుపే కనబడేది. పదకొండేళ్లు తాను అలికిన గడప, తాను పెట్టిన ముగ్గు గీతలు ఇంకా చెరిగిపోని గడప, దానికి తాళం. మంచం తిప్పమంటావా అని అడిగితే వద్దన్నది. తాళం సరిగ్గా పడ్డదో లేదో చూస్తున్నా అన్నది.

తాళం బాపు వేసేవాడు. కోర్టుకు పోతూ వేసి, వచ్చాక తీసి, దీపం పెట్టి, ఆ రెండు గదుల్లో ఒక్కడే పడుకునేవాడు. ఇల్లు ఖాళీగా ఉంటే కబ్జా పోతుందని, ఆ గదులు ఇంకా తమవేనని, అవ్వ ఎప్పుడు వస్తానన్నా తీసుకురావచ్చని ఆయన లెక్క. సాయంత్రాలు కొట్టం బయట స్టూలు వేసుకుని, లోపల అవ్వకు వినబడేటట్టు కీర్తనల గ్రంథం పైకి చదివేవాడు. కొట్టం లోపల మాత్రం అడుగు పెట్టలేదు. అవ్వ పిలవలేదు. అది ఆయన వల్ల కాదని ఆమెకు తెలుసు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, పటేలమ్మ జడ అల్లుతూ సగంలో ఉండగా అవ్వ పోయింది. నేను నాడి పట్టుకునే ఉన్నాను. పటేలమ్మ నా మొహం చూసి, జడ చివరిదాకా అల్లి, తన జడలోని నల్ల దారం తీసి ముడి వేసింది. బాపుకు కబురు పోయి, ఆయన బస్సు దిగి వచ్చేసరికి మూడున్నర అయింది. గొడుగు జామచెట్టుకు ఆనించి, చెప్పులు విడిచి, ఆ తక్కువ చూరు కింద నడుము వంచి లోపలికి పోయి, మొరం నేల మీద కూర్చున్నాడు. ఆ తెల్ల పంట్లాముకు ఎర్ర మన్ను అంటడం నేను అదే మొదటిసారి చూశాను.

కాసేపటికి పటేలమ్మ మళ్లీ వచ్చింది. ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు. పంచాంగం చూసే అయ్యగారిని అడిగి వచ్చిందట. కొట్టం గుంజ పట్టుకుని నిలబడి, మాకు చెబుతున్నదో తనకు తానే చెప్పుకుంటున్నదో తెలియనట్టు అన్నది:

"నక్షత్రం మంచిదేనట. ఇంట్ల పోయినా ఏం కాకపోవు."

బాపు తల ఎత్తలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు వంట చేస్తూ ఉండగా, బస్సులో కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి వినబడుతుంది. పది బారలు. ఆ పది బారలు మోయనవసరం లేకపోయింది.

అవ్వను మిషను సమాధుల్లో పెట్టాము. పటేలు తన కొడుకు పెళ్లి బ్యాండు మేళం లేకుండా చేశాడు. అది మా కోసమని ఊరంతా అనుకున్నది, బాపు తప్ప. పెళ్లయిన నాలుగో రోజు పటేలు వచ్చి, ఎన్నాళ్లున్నా ఉండమని, అద్దె మాట ఎత్తవద్దని బతిమాలాడు. బాపు అప్పటికే కాగితం రాసి పెట్టుకున్నాడు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా అని మొదలుపెట్టి, సరిగ్గా పదిహేను రోజుల గడువు ఇచ్చి, తానే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు నోటీసు. ఉండే హక్కు ఉన్న మనిషికి పోయే హక్కు కూడా ఉంటుందని నాతో అన్నాడు.

ఖాళీ చేసే రోజు రెండు గదులూ తానే నీళ్లు పోసి కడిగాడు. గోడలకు మేకులు పీకిన రంధ్రాల్లో సున్నం నింపాడు. తాళంచెవి పటేలు చేతిలో పెట్టి, ఖాళీ గదులు ముట్టినట్టు కాగితం మీద సంతకం అడిగాడు. పటేలు సంతకం పెట్టాడు.

"నా తప్పు గూడ రాయరాదు, గుమాస్తా. దానికి గూడ సంతకం పెడ్త," అన్నాడు.

"దానికి చట్టంల జాగ లేదు, పటేలా," అన్నాడు బాపు.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. నేను పటేలమ్మ దగ్గరికి పోయి వచ్చాను. ఆమె దువ్వెన నాకు ఇవ్వబోయింది. తీసుకోలేదు. తీసుకోవలసింది.

కాంపౌండరుతో బాపు చచ్చేదాకా మాట్లాడలేదు. ఆయన పాపం ఎదురుపడితే నమస్తే గుమాస్తా సాబ్ అనేవాడు, బాపు గొడుగు అడ్డం పెట్టుకుని పోయేవాడు. ఎందుకో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. నాకు తెలుసు. చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పెళ్లయి కరీంనగరు వచ్చాక, ఈ ఇల్లు కట్టుకున్నాక, బాపు ఆఖరి ఏడాది ఇక్కడే ముందరి గదిలో ఉన్నాడు. ఒక రోజు చాయ తాగుతూ, "గా ముచ్చట బయటెవలు చెప్పిండ్రో బిడ్డా, నా మనసుల గదే ఉన్నది" అన్నాడు. నేను పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద పాలు లేవు. వారం రోజులకు ఆయన కూడా పోయాడు, సొంత ఇంట్లో, కూతురి ఇంట్లో, ఎవరూ వేలెత్తి చూపని కప్పు కింద. ఆ మాటకు జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మంగళవారం సాయంత్రం మెట్లెక్కి పైకి పోయాను. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లు ఎక్కక ఆరు నెలలైంది. పెద్దామె కిటికీ పక్కన మంచం మీద ఉంది, ఎండిన తునికాకులా ఉంది. నన్ను చూసి, వాళ్ల ఆదిలాబాదు వైపు ఆడవాళ్లను పిలిచినట్టు బాయి అని పిలిచింది.

"ఏం బాయి, ఖాళీ చెయ్యుమననీకి వచ్చినవా?"

కాదు, ఉండమనడానికి వచ్చానని చెప్పాను. ఏ షెడ్డుకూ పోయేది లేదని, ఇది మీ ఇల్లేనని, ఎన్నాళ్లయినా, ఏమైనా ఇక్కడే అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. కోడలు మాత్రం తలుపు పక్కనే నిలబడి, భర్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "జర రాసిస్తరా, అమ్మా? రేపు మీ ఇంట్లోళ్లో, పక్కోళ్లో ఏమన్నంటే..." అని ఆగిపోయింది.

నాకు చురుక్కుమన్నది. ఏడేళ్లుగా చూస్తున్న మనిషిని, నా నోటి మాట చాలదా అని అనబోయాను. అనబోతూ ఉండగానే, ఆ మాట అడగడానికి ఆ అమ్మాయి ఎంత ధైర్యం కూడగట్టుకున్నదో కనబడింది. బాపు ఉంటే ఆ అమ్మాయిని మెచ్చుకునేవాడు. కిందికి వచ్చి బాండు పేపరు తీశాను. గోడలకు మేకులు కొట్టరాదని ఉంది, నీళ్ల మోటారు గంటకు మించి వేయరాదని ఉంది, పోయేటప్పుడు రంగులు వేయించి ఇవ్వాలని ఉంది. మనుషులు ఉండే ఇంటి గురించి అంత పొడుగు రాసుకున్నాము గానీ, మనుషులు పోతారన్న సంగతి ఎక్కడా లేదు. అడుగున ఖాళీ ఉన్న చోట నా చేత్తో రాశాను: ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ ఇంట అద్దెకున్న వారిలో ఎవరికి ఏ నక్షత్రాన కాలం తీరినా వారు ఈ ఇంటివారే, ముందరి గదిలోనే ఉంచి ముందరి తలుపు నుంచే సాగనంపవలెను. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, నక్షత్రాలు మనం నమ్మం కదా, ఎందుకు రాశావన్నాడు. వాళ్లు నమ్ముతారు కదా, వాళ్ల కోసం రాశాను, సంతకం పెట్టమన్నాను. పెట్టాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పనులయ్యాక నెమ్మదిగా ఒక్కో మెట్టూ ఎక్కి పైకి పోయి, ఆ పెద్దామె తల దువ్వి వస్తున్నాను. ఉన్నవి నాలుగు వెంట్రుకలు. నాది సూది చెయ్యి అని ఆమె కూడా అంటుందేమోనని భయపడ్డాను, అనలేదు. దువ్వుతూ ఉంటే అనిపిస్తుంది, మన కాలంలో ఒకే పెరట్లో, ఒకే బావి నీళ్లతో, గోడ అవతల ఎవరు దగ్గినా ఎవరో తెలిసేటంత దగ్గరగా బతికాము. అయినా ఆఖరి గడియలో పది బారల అవతల పెట్టుకున్నాము. ఇప్పుడు ఎవరి మెట్లు వాళ్లవి, ఎవరి మోటారు వాళ్లది, పైన ఉన్న మనిషి రెండు నెలలుగా మంచంలో ఉంటే కింద ఉన్న నర్సుకు తెలియలేదు. ఈ కాగితం ఒక్కటి అప్పుడు దొరకలేదు, ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు దొరకవు. రెండూ ఒక్క చోట ఉన్న ఇల్లు నేనైతే చూడలేదు.

నిన్న పక్కింటాయన కాంపౌండు గోడ మీద చేతులు ఆనించి పలకరించాడు. మా మేడకూ వాళ్ల మేడకూ ఒకటే గోడ. వచ్చే నెలలో వాళ్ల ఇంట్లో మనవరాలి వేడుక ఉంది. ఆరోగ్యం అడిగాడు, మోకాళ్లు అడిగాడు, తర్వాత పైకి చూసి గొంతు తగ్గించాడు.

"సిస్టరమ్మా, మీకు ఎరుకుంటది గదా. ముసలామె ఎన్ని దినాలంటరు?"

"నాకేం ఎరుక," అన్నాను.

ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసిన దానివి ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి పోయాడు. తెలుసు, అవ్వా. ఈసారి చెప్పలేదు.